తవుడుతో తుడిచిన మసి

మొన్న అమలాపురంలో మేముండే అపార్ట్‌మెంట్‌లో మా పై వాటా వాళ్ళ ఏసీ కాలి, హాలంతా మసి పట్టిందని తెలియగానే, ఊరుకోలేని నా బుద్ధి కొద్దీ తవుడు తెప్పించుకుని సంచీ పట్టుకుని పైకి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు పిల్ల మర్యాదస్తురాలు, కాదనను. కంపెనీ వాళ్ళు వస్తున్నారని, నాకు శ్రమ ఎందుకని గుమ్మంలోనే నవ్వుతూ చెప్పి పంపేసింది. ఆ వచ్చినవాళ్ళు సాయంత్రానికల్లా మిషన్లతో గోడలు కడిగి, ఏదో సెంటు కొట్టి వెళ్ళిపోయారు. తవుడు సంచీ మా వంటింటి మూలన అలాగే ఉండిపోయింది. మసికీ తవుడుకీ సంబంధం ఏమిటో నా ఈడు వాళ్ళతోనైనా చెప్పుకోకపోతే నాకు తోచదు.

తొంభైల్లో నేను కొత్త కోడలిగా ముక్తేశ్వరం వెళ్ళేనాటికి మా అత్తగారి వంటింటి అటక నిండా కురిడీలే. కొబ్బరికాయల్ని నెలల తరబడి అటక మీద ఉంచితే నీళ్ళు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలి గుడగుడలాడుతుంది చూడండి, అవే కురిడీలు. కింద పొయ్యి పొగ తగులుతూ ఉంటేనే బూజు పట్టదని మా మామగారి పట్టుదల, అందుకే గ్యాసు వచ్చినా ఆ ఇంట్లో కట్టెల పొయ్యి ఆరలేదు. ఆ ఏడు ముసురు పట్టి వదలకపోయేసరికి, పొగ చాలడం లేదని పొయ్యిలో కొబ్బరి డొక్కలు, అదే పీచు తొక్కలు, దండిగా వేయించారు, ఓ మధ్యాహ్నం నిప్పురవ్వ ఎగిరి అటకంటుకుంది. వీధి వీధంతా బిందెలతో పరుగెత్తుకొచ్చి ఆర్పబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అటకా వంటింటి కప్పూ మాత్రం పోయాయి. మిగతా గదులు నిలబడ్డాయి గానీ, నూనె ఓడే కొబ్బరి కాలిన పొగ, అమ్మో, ఆ పొగ! గోడలూ తలుపులూ సరే, పెట్టెలో మడతపెట్టిన చీరలకూ ఉప్పు జాడీకీ కూడా జిడ్డు మసి పట్టింది.

మా అత్తగారికి పట్టుకున్న బెంగ మా ఆడపడుచు గురించి. అల్లవరం ఇచ్చిన ఆ పిల్లకు తొలి చూలు, ఆ నెలలోనే పురిటికి తీసుకురావాలని మంచిరోజు కూడా చూసుకున్నారు. కాన్పు ఆసుపత్రిలోనే అయినా పురిటి మంచం పుట్టింట్లో పడాలి కదా! ఈలోగా అగ్గి పడిన ఇంటికి గర్భిణిని పంపకూడదని అక్కడెవరో అన్నారనీ, ఆ పిల్ల అత్తగారు స్వయంగా వచ్చి ఇల్లు చూసి, అప్పుడు మాట చెబుతారనీ కబురొచ్చింది. ఒక్కగానొక్క కూతురాయె, మా అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంటిల్లిపాదీ తడిగుడ్డలు పట్టాం. తుడిచిన కొద్దీ మసి ఇంకా పాకింది. ఇక ఇలా కాదని మా మామగారు దాని మీదే వెల్ల వేయించేశారు, గోడలు తెల్లబడ్డాక అత్తగారి మొహం కాస్త తేటపడింది. ఆ తెలుపు తెల్లారేదాకానే! వెల్ల ఆరగానే అడుగునున్న జిడ్డు పైకి తేలి, గోడ నిండా కాఫీ ఒలికినట్టు మరకలు పడ్డాయి, చెమ్మకు కమురు వాసన రెట్టింపయింది. సరిగ్గా అప్పుడే వియ్యపురాలి రిక్షా మా గుమ్మంలో ఆగింది.

వియ్యపురాలంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? కూరలో ఉప్పు తగ్గిందని ఆవిడ అనకపోయినా, అనుకున్నారేమోనని ఏడాది పాటు కుమిలే రోజులవి. ఆవిడ కాఫీ పక్కన పెట్టి, తిన్నగా పురిటికని అట్టేపెట్టిన గదిలోకి వెళ్ళి, గోడ మీద వేలు రాసి వాసన చూశారు. మా అత్తగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

“మసి మీదే వెల్లేయించేసేరా వదినగారూ? మా అటక కాలినప్పుడు మేమూ ఇలాగే ఏడ్చేమండీ. జిడ్డు కదా, నీళ్ళకి లొంగదు. గేదెలకి పెట్టే తవుడుంటే ఓ బుట్టెడు తెప్పించండి” అని ఆవిడ పట్టుచీర చెంగు నడుముకి దోపేశారు.

మా అత్తగారు అదిరిపడి, ఊరు నవ్వుతుందని చెయ్యి పట్టుకున్నారు.

“నవ్వనివ్వండి. నా మనవడు పడుకునే గది నేను తుడుచుకుంటే ఎవరికేవిటండీ?”

ఆ ఒక్క మాటతో పిల్లను పంపుతున్నట్టు తేలిపోయింది. మా అత్తగారు కళ్ళనీళ్ళ మధ్య “ఆయ్” అని మాత్రం అనగలిగారు.

వెల్ల గీకి, పొడి తవుడు గోడకేసి రుద్దుతుంటే జిడ్డంతా పీల్చుకుని నల్లగా రాలింది. ఆ మీదట కుంకుడు రసంతో కడిగి, ఆరాక వెల్ల వేస్తే మరక మళ్ళీ తేలితే ఒట్టు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిలవకుండానే చేటలు పట్టుకొచ్చారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మసి మొహం ఒకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, మా మామగారు లోపలికి రావడానికి మొహమాటపడి అరుగు మీదే కూర్చున్నారు. మనవడు కాదు, మనవరాలు పుట్టింది. ఆ తర్వాత ఆ పెద్దవాళ్ళిద్దరూ పండగా పబ్బం లేకపోయినా ఒకరింటికి ఒకరు వచ్చిపోతూనే ఉన్నారు. రెండు వేలు దాటాక ఆ ఇల్లు తీసేసి స్లాబు వేశాం, కురిడీల అటక ఊసే లేదు.

ఇప్పుడు మసి ఒక్క పూటలో పోతోంది, మంచిదే, ఆ పై వాటా పిల్లకు ఒళ్ళు హూనం కాకుండా పోయింది. తవుడు అక్కర్లేదంటే నాకేం బాధ లేదు గానీ, లోపలికి రమ్మని ఉంటే ఓ ఘడియ పక్కన కూర్చుని వచ్చేదాన్ని కదా అనిపిస్తుంది. ఆ పిల్లకూ ఇది తొలి చూలేనట. ఆ సంగతి నాకు నిన్న మా వాచ్‌మన్ చెబితే తెలిసింది.