శెనక్కాయ కోటు

సగం బట్ట బకెట్టులో మునిగింది, సగం ఇంకా నా మోచేతి మీద వేలాడుతోంది, అప్పుడే ఆ వాసన ముక్కుకు తగిలింది. కొత్త కోరా బట్ట మొదటిసారి నీళ్ళు తాగేటప్పుడు పచ్చి గంజీ తడి మట్టీ కలిసినట్టు ఒక వాసన వస్తుంది. చిలమత్తూరు బస్టాండు వెనక నా కుట్టు అంగట్లో వారానికి రెండుసార్లయినా ఈ పని ఉంటుంది, అయినా ప్రతిసారీ నా చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ బట్ట కుట్టడానికిచ్చి గుమ్మంలో నిలబడిన ఆమెకు ఓపిక లేదు. "ఇంగా నానబెడతాండావా అక్కా? నాకు రేపే కావాల," అంది. "నానాల్సిందే. నానకుండా కత్తెర పెట్టేది ల్యా," అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట, ఆ విరుపు అచ్చంగా ఎస్తేరమ్మ టీచరువి. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే నేనింత చెప్పాల్సిన పని ఉండేది కాదు.

మాది శింగనమల దగ్గర పల్లె. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, మా అమ్మతో పాటు శెనక్కాయ చేలల్లో కలుపుకు పోయేదాన్ని. అనంతపురంలో ఆడపిల్లలకు ఏడాదిపాటు బట్టలు కుట్టడం నేర్పుతారని, ఎనిమిది చదివితే చాలని తెలిసింది. అంతే, నాకు నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు మా నాయన వెంటపడ్డాను. ఐదో రోజు ఆయన బీడీ ఆర్పి, "ఒక్క ఏడాది పో. పాసయితే నీ దోవ నీది. కాకపోతే మల్ల నన్ను అడగొద్దు, ఈడనే కలుపు తీసుకుంటా ఉండు," అన్నాడు. మా నాయన మాట మార్చే మనిషి కాదు. కాబట్టి నాకున్నది ఒక్క ఏడాది, చివర్లో ఒక్క పరీక్ష.

కాలేజీ బోర్డు మీద ఏదో పొడుగాటి పేరుండేది. మేం మాత్రం ఫ్యాషన్ కాలేజీ అని చెప్పుకునేవాళ్ళం. ఎనభైల మొదటి ఏళ్ళు అవి. బెల్‌బాటాలు పాతబడిపోయి, జాకెట్లకు బుట్టచేతులు మళ్ళీ వచ్చిన రోజులు. వరసగా ఇరవై కుట్టు మిషన్లు ఒకేసారి తిరుగుతుంటే ఆ శబ్దానికి నా గుండె కూడా వాటితో పాటు పరుగెత్తేది. ఎస్తేరమ్మ టీచరుది కుందుర్పి. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, మెడలో టేపు, నడుముకు దారంతో కట్టుకున్న కత్తెర. మొదటి రోజే నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది: కొత్త బట్టను తడిపి ఆరేయకుండా కత్తిరించరాదు. ఏడాదంతా ఆ మాటను చెరపనివ్వలేదు. మిగతా పాఠాలన్నీ దాని కింద మిగిలిన చోటులోనే రాసేది.

పరీక్షకు ప్రతి ఒక్కరూ సొంత ఊహతో ఒక డ్రస్సు కుట్టాలి, దాన్నే ప్రాజెక్టు అనేవాళ్ళు. పక్కన కూర్చునే స్నేహితురాలి కొలతలు కాగితం మీద రాసివ్వాలి, కుట్టింది ఆమెకు సరిపోవాలి. నా పక్కన షమీమ్, ఊరి నడిబొడ్డున పుట్టిన పిల్ల, నోరు మంచిది. నేను ఉత్సాహం ఆపుకోలేక రెండు రోజుల్లో ఏడు బొమ్మలు వేశాను. అన్నింటిలోనూ నెమళ్ళు, మామిడి పిందెలు. టీచరు ఒక్కొక్క కాగితమూ తిప్పింది.

"నెమలిని యాడ చూసినావు రత్నా?"

"క్యాలెండర్లో టీచర్."

"మామిడి పిందెని?"

"చీరంచు మీద."

"అంటే ఎవరో చూసిందాన్ని నువ్వు చూసి, దాన్ని నాకు చూపిస్తాండావు. మీ అమ్మ పనికి పోయేటప్పుడు ఏమి తొడుక్కుంటాది?"

నిజం చెప్పడానికి సిగ్గేసింది. చివరికి గొణిగాను, "చీర మీద మా నాయన పాత చొక్కా టీచర్. ఎండకు చేతులు కాలకుండా." క్లాసులో కిసుక్కుమన్నారు. టీచరు తల తిప్పకుండానే, "నవ్విన వాళ్ళు రేపు మిట్టమధ్యాన్నం చేన్లో ఒక గంట కూచోండి. మీరూ తొడుక్కుంటారు," అంది. ఆపైన నా వైపు చూసి ఒకే మాట చెప్పింది. "అది కుట్టు."

ఆ సాయంత్రం హాస్టలు మెట్ల మీద కూర్చుని అమ్మను తలచుకున్నాను. ఎన్నేళ్ళుగానో కళ్ళముందు ఉన్న మనిషి. ఆ చొక్కా భుజాలు ఎంత కిందికి జారి ఉంటాయి, వంగినప్పుడు జేబు ఎటు వేలాడుతుంది, చేతులు ఎన్ని మడతలు పెడుతుంది, ఇవన్నీ నాకు తెలుసని నాకే అప్పటిదాకా తెలియదు. పెన్సిలు ఆగలేదు. ఆడవాళ్ళు పావడా మీదో చీర మీదో వేసుకోగలిగే కోటు ఒకటి వచ్చింది, జారిన భుజాలతో, ముందు రెండు పెద్ద జేబులతో. ఆకారం దొరికింది గానీ బట్ట చప్పగా ఉంది. దాని మీద ఏం రావాలి? వారం రోజులు అన్నం సయించలేదు.

దొరికింది షమీమ్ డబ్బాలో. వాళ్ళమ్మ ఉడకబెట్టి పంపిన శెనక్కాయలు. ఒకటి వలవబోయి ఆగిపోయాను. పుట్టినప్పటి నుంచీ పీకుతూ, వలుస్తూ, తింటూ ఉన్న కాయ. దాని ఒంటిమీద నిలువు గీతలు, వాటిని కలుపుతూ అడ్డ గీతలు, సన్నటి వలలాగా గళ్ళు గళ్ళు. ఏ రెండు గళ్ళూ ఒకటి కావు.

"అరే, తినకుండా ఏం చూస్తాండావే? పెండ్లిచూపులా?" అంది షమీమ్.

నేను కాయ పట్టుకుని స్టాఫ్ రూముకు పరుగెత్తాను. టీచరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది, వలిచింది, గింజలు నోట్లో వేసుకుంది, పొట్టు నా చేతిలో పెట్టింది. "గింజలు బాగుండాయి. నువ్వు పొట్టు కుట్టు," అంది. అంతకంటే మెచ్చుకోలు ఆమె దగ్గర లేదు. నాకు అదే పండగయింది.

తేనెపట్టులా గళ్ళు వచ్చే కుట్టు ఒకటి మాకు నేర్పారు. దాంతో మూడు ముక్కలు కుట్టి చూపించాను. మూడింటినీ టీచరు బొటనవేలితో నొక్కి, "పొల్లుకాయ" అంది. వానలు మొహం చాటేసిన ఏడాది మా చేలల్లో పైకి నిండుగా కనబడే కాయలుంటాయి, నొక్కితే లోపల గింజ ఉండదు. వాటినే పొల్లుకాయలంటాం. మా ఊరివాళ్ళకు అంతకంటే చేదు మాట లేదు. ఆ మాట ఆమె ఊరికే వాడలేదని నాకు తెలుసు.

పరీక్ష మూడు వారాల్లోకి వచ్చింది. ఎండాకాలం. హాస్టల్లో కొళాయి రోజు మార్చి రోజు, మనిషికి ఒక బిందె. తాగడానికీ స్నానానికీ అదే. కోటు పైబట్ట మిల్లుది, దాన్ని ఎలాగో తడిపి ఆరేశాను. లోపల వేసే కోరా బట్టకు నీళ్ళు మిగల్లేదు. లోపలిది ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. మా సీమలో పుట్టినవాళ్ళకు ఒక బిందె నీళ్ళు మిగిలించడం కంటే ఒప్పైన పని ఇంకోటి తోచదు. రెండు బట్టలనూ ఒకదాని మీద ఒకటి పరిచి, శెనక్కాయ వల మాదిరిగా సన్నటి చేతికుట్టుతో కలిపాను. పది రోజుల పని. చివరి రోజు ఇస్త్రీ చేస్తుంటే బొగ్గుల పెట్టెలోంచి మసి రాలి కోటు నల్లబడింది. భయపడిపోయి, తాగడానికి ఉంచుకున్న నీళ్ళలోనే దాన్ని ముంచేశాను.

ఆరేసరికి కోటు ముడుచుకుపోయింది. లోపలి కోరా బట్ట కుంచించుకుని పైబట్టను లాగేసింది. షమీమ్‌కు తొడిగితే ముందు గుండీలు కలవలేదు, మూడు అంగుళాలు తక్కువ. నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను. మా నాయన గొంతు చెవుల్లో తిరిగింది. షమీమ్ కోటు విప్పి వెలుగులో పట్టుకుని, "ఏడ్చేది ఆపి ఇట్లా చూడు మే. ఇది శెనక్కాయ గదా," అంది. చూశాను. కుట్టు పడిన చోటల్లా లోతుగా గీత, గీతకూ గీతకూ మధ్య బట్ట బుడిపెలా ఉబ్బింది, లోపల గింజ ఉన్నట్టుగా. నా ఏడుపు ఎటు పోయిందో తెలియదు. ఇద్దరం గంతులేశాం.

కొలతల కాగితం మార్చేస్తే సరిపోతుందని నాకు తోచింది. షమీమ్ బదులు సన్నటి పిల్ల ఎవరినైనా నిలబెట్టొచ్చు. కోటు తీసుకుని టీచరు ముందు పెట్టాను. ఆమె చాలాసేపు వేళ్ళతో తడిమింది. ఆమె కళ్ళు మెరవడం నేను చూశాను. కానీ అడిగింది ఇది:

"ఇది అయ్యిందా, నువ్వు చేసినావా?"

"చేసినా టీచర్."

"లోపలి బట్ట ఎంత కుంచించుకుంది? నిలువుకు ఎంత, అడ్డానికి ఎంత?"

నాకు తెలియదు.

"అట్లయితే అయ్యింది. చేసిందయితే రెండోసారి కూడా వస్తాది." నల్లబల్ల మీది మాట వైపు చూపించింది. "తడపకుండా పెట్టినావు గదా? ఆ పొద్దు దాన్ని తప్పని తెలిసి చేసినావా, తెలీక చేసినావా?"

"నీళ్ళు లేవు టీచర్."

మరునాడు పొద్దున కాలేజీ గేటు దగ్గర అందరం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. గంజిచీర కట్టుకున్న ఎస్తేరమ్మ టీచరు చంకన నిండు ఇత్తడి బిందెతో నడిచి వస్తోంది. రెండు వీధుల అవతల ఆమె ఇల్లు. బిందెను నా మిషను పక్కన దించి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "నిన్న మా ఇంట్లో బట్టలుతకల్యా. ఆ నీళ్ళు ఇవి. ఒక్కో ముక్క ముంచి, కొలిచి, రాసుకో. పారబోయాల్సిన పని ల్యా, అవే నీళ్ళలో అన్నీ ముంచు."

అట్లా మూడు రోజులు. పది అంగుళాల కోరా ముక్కలు కత్తిరించి, పైబట్టతో కలిపి కుట్టి, ముంచి, ఆరబెట్టి, కొలిచాను. కుట్టు దగ్గరైతే ఎంత, దూరమైతే ఎంత. నిలువుకు అంగుళం తగ్గుతోంది, అడ్డానికి సగమే. లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కని నేను నోటుబుక్కులో పదహారు పేజీలు నింపాను. ప్రతి ముక్క ఆరేదాకా దాని చుట్టూ తిరిగేదాన్ని. అనుకున్న కొలతే వచ్చినప్పుడు నాలోంచి ఏదో పైకి ఎగిరినట్టుండేది. రెండో కోటును ఆ లెక్కతో పెద్దదిగా కత్తిరించి, రాత్రుళ్ళు కూడా కూర్చుని ఐదు రోజుల్లో కుట్టి, నా చేతులతోనే నీళ్ళలో ముంచాను. ఈసారి షమీమ్ గుండీలన్నీ పెట్టుకుని గిరగిరా తిరిగింది.

పరీక్షకు వేరే ఊరి నుంచి ఒక మేడమ్ వచ్చింది. మా టీచర్లను లోపలికి రానివ్వలేదు. మేడమ్ కోటును తిప్పి, లోపలి వైపు చూసి, "కోరా తడపకుండా వేశావు. ఇది తప్పు కదా?" అంది. ఏడాదంతా ఆ ఒక్క నిమిషంలోకి వచ్చి నిలబడింది. చిన్నదైపోయిన మొదటి కోటును సంచిలోంచి తీసి పక్కన పెట్టాను.

"ఇది తప్పు మేడమ్. ఇట్లయితాదని తెలీక అయ్యింది. అది చూసి రెండోదాన్ని నేను చేసినా."

"చేశావని ఎట్లా నమ్మాలి?"

పది అంగుళాల ముక్క ఒకటి తీశాను. బల్ల మీద సుద్దముక్కతో తొమ్మిది అని రాశాను. అరగంటలో కుట్టి, ముంచి, ఇస్త్రీతో ఆరబెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె తన టేపుతో నిలువు కొలిచింది. తొమ్మిదికి ఒక నూలుపోగంత తక్కువ. ఆమె ఆ ముక్కను తన ఫైల్లో పెట్టుకుని, నా పేరు పక్కన టిక్కు కొట్టి, "పాస్. ఈ ముక్క నా దగ్గర ఉండనీ," అంది. కిటికీ అవతల గంజిచీర అంచు ఒకటి కదిలింది.

నేను బయటికి పరుగెత్తి చెప్పబోయేలోగా టీచరే అడిగింది, "నా బిందె యాడ పెట్టినావు?"

ఆమె ఇప్పుడు ఎక్కడుందో నాకు సరిగ్గా తెలియదు. బదిలీ మీద కుందుర్పి వైపు వెళ్ళిందని ఎవరో చెప్పారు. నా దగ్గర ఉన్నది ఆమె ప్రశ్న. జాకెట్టు చక్కగా కుదిరినా, చెడిపోయినా, అంగట్లో ఎవరితోనైనా మాట పెరిగినా ముందు నన్ను నేను అదే అడుగుతాను. అయ్యిందా, చేసినావా? చాలాసార్లు జవాబు నాకు నచ్చదు. అయినా అడుగుతాను.

పరీక్ష మరునాడు పొద్దున్నే లేచి ఆ ఇత్తడి బిందె తోమి, వీధి కొళాయి దగ్గర వరసలో నిలబడి నింపి, చంకన పెట్టుకుని ఆమె ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఊరికి పోయి మా నాయనకు చెప్పాలనే ఆత్రం కాళ్ళలో ఉంది. గుమ్మంలో దించేసరికి నా పావడా మోకాళ్ళ దాకా తడిసింది, బిందె మూడొంతులే ఉంది. టీచరు బిందెలోకి తొంగి చూసింది.

"ఒలికిందా, ఒలకబోసినావా?"

"ఒలికింది టీచర్."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆ నీళ్ళను ఆమె తొట్టిలో పోసి, ఖాళీ బిందె తీసుకుని కొళాయి దగ్గరికి తిరిగి వెళ్ళి, వరసలో అందరికంటే చివర నిలబడ్డాను.