తలుపు రెక్కల మీది గణపతి

ఉదయం తొమ్మిదింపావుకు కట్ట విప్పి, పైనున్న కార్డును చేతిలోకి తీసుకుని తెరిచిన జెంతీభాయ్ పీఠడియా దానిని వెంటనే మూసివేశారు. మూసిన కార్డు మీద బంగారు పూత గణపతి నిండుగా ఉన్నాడు. మళ్లీ తెరిచారు. ఒక చెవి, సగం తొండం, సగం బొజ్జ ఎడమ రెక్కతోను, తక్కినది కుడి రెక్కతోను విడిపోయాయి. గుడి తలుపుల వలె రెండు వైపులకూ తెరుచుకునే కార్డు అది. తలుపులు కలిసే చోటనే దేవుడిని నిలిపారు. కార్డు తెరిచిన ప్రతిసారీ దేవుడు రెండుగా చీలుతాడు.

అదే దినము పదకొండు గంటల నలభై నిమిషాలకు రూపారేలియా వారి ఇంట శుభలేఖల ముహూర్తం. మూడు వందల యాభై కార్డులలో మొదటి ఐదింటికి కుంకుమ బొట్లు పెట్టి, ఒకటి గణపతికి, ఒకటి కులదేవతకు, ఒకటి మేనమామకు, ఒకటి వియ్యాలవారికి, ఒకటి పురోహితునికి ఇవ్వవలెను. వాటిని తెరిచి అందరి ఎదుట చదివించేది ఇంటి పెద్ద జీవ్‌కోర్‌బా. ఆమెకు ఎనభై నాలుగేళ్లు; అందరూ 'బా', అంటే అమ్మా, అని పిలుస్తారు. విరిగిన దేవుడి పటాన్ని ఆ ఊరిలో ఎవరూ గడప లోపల ఉంచుకోరు. నదిలో వదిలి వస్తారు. అటువంటిది పెళ్లి పిలుపు మీదనే, వియ్యాలవారి కళ్లెదుట, దేవుడు చీలితే ఏమనుకుంటారో జెంతీభాయికి ఒకరు చెప్పనక్కరలేదు.

రాజ్‌కోట్‌లోని ఆ శుభలేఖల దుకాణంలో ఆయన ముప్పై ఎనిమిదేళ్లుగా పని చేయుచున్నారు. సీసపు అక్షరాలు పేర్చిన రోజులలో చేరారు. తాతల పేర్లు, స్వర్గస్థుల పేర్లు, పిలిచేవారి పేర్లు, చివర ఇంటి పసిబిడ్డ ముద్దుగా "మా అత్త పెల్లికి తప్పక లావాలి" అనే వాక్యము, ఇవన్నీ ఏ వరుసలో రావలెనో ఆయనకు నిద్రలోనూ తెలుసు. ఇప్పుడు ఆ వరుసలు లేవు. మీగడ రంగు కాగితం, లేత గులాబీ అంచు, వధూవరుల బొమ్మలు, పేర్ల మొదటి అక్షరాలు కలిపిన ముద్ర, ఫోను చూపిస్తే దారి చెప్పే నలుపు తెలుపు గళ్ల చదరము. మాటలు ఎంత తక్కువైతే కార్డు అంత గొప్పది. ఆయనకు మిగిలిన పని ఒక్కటే: దేవుడు ఎక్కడ ఉండవలెనో చూచుట.

అదీ ఈసారి ఆయన చూడలేదు. మూడు వారాల క్రితం జీవ్‌కోర్‌బా కబురు పెట్టి పిలిపించి, "నువ్వు చేత్తో పట్టుకుని చూసి సరే అంటేనే అచ్చు వెయ్యాలి జెంతీ" అన్నారు. ఆయన మాట ఇచ్చారు. నమూనా వచ్చిన రోజున ఆయన జామ్‌నగర్‌లో మేనకోడలి సీమంతంలో పంక్తిన కూర్చుని ఉన్నారు. దుకాణం నడిపే ధ్రువి ఫోనుకు బొమ్మ పంపింది. మూసి ఉన్న కార్డు బొమ్మ. ఆయన ఎడమ చేతితో బొటనవేలి గుర్తు పంపి, మరొక పూరీ వడ్డించుకున్నారు.

"ధ్రువీ, ఇటు రా తల్లీ" అని పిలిచి, కార్డు తెరిచి చూపించారు.

ఆమె ఒక్క క్షణం చూసి, పెదవి కొరుక్కుంది. "కాకా, ఈ సీజన్ ఊరంతా తలుపుల కార్డే. ఎవరూ ఏమీ అనలేదు."

"ఎవరూ అనలేదా, ఎవరూ చూడలేదా?"

"చూసేదెవరు? తేదీ ఫోటో తీసుకుని కార్డు ఫ్రిజ్ మీద పడేస్తారు. పైన పచ్చడి సీసా పెడతారు."

"జీవ్‌కోర్‌బా ఫ్రిజ్ మీద పెట్టదు. తెరుస్తుంది."

"అయితే ఏం చేద్దాం? మళ్లీ అచ్చు వేయించాలంటే ఆరు రోజులు. ముహూర్తం రెండు గంటల్లో. ఇది నా మొదటి పెద్ద పని, కాకా." ఆమె గొంతు తగ్గించింది. "సరే అన్నది మీరే కదా."

ఆయన గోడ గడియారం వైపు చూసి, పాత సరుకు ఉన్న చెక్క అర లాగారు. పదేళ్ల నాటి గణపతి బిళ్లలు అందులో ఉన్నాయి. దళసరి బంగారు కాగితంవి. మీగడ రంగు ముక్కలు కత్తిరించి, ఐదు కార్డుల మీద చీలిన బొమ్మను రెండు వైపులా కప్పివేశారు. ఆపైన బిళ్లను ఎడమ రెక్కకు మాత్రమే అతికించారు. ఇప్పుడు తలుపు తెరిస్తే దేవుడు చీలక ఒక వైపునే ఉంటాడు. జిగురు ఆరేసరికి పదకొండు దాటింది.

"అబ్బ, అసలు కంటే ఇదే బాగుంది. ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు, కదా కాకా?" అన్నది ధ్రువి.

ఆయన పెట్టె మూత వేశారు. "కింద ఉన్నాడు కదమ్మా, రెండు ముక్కలుగా."

"కింద ఎవరు చూస్తారు?"

ఆమె స్కూటర్ వెనుక కూర్చుని, పెట్టెను ఒడిలో పట్టుకుని ఆయన బయలుదేరారు. వంతెన కింద వాహనాలు నిలిచిపోయాయి. పదకొండు ఇరవై రెండు. ముందున్న ట్రాక్టరు కదలలేదు. ధ్రువి హారను మోగిస్తూనే ఉన్నది. ఆయన పెదవులు కదిలాయి. జపమో, చెప్పవలసిన మాటను కూర్చుకొనుటయో ఆమెకు తెలియలేదు.

వారు చేరేసరికి పదకొండు ముప్పై ఒకటి. హాలులో ఆడవారు పాటలు ఆపి ద్వారం వైపు చూస్తున్నారు. వరుని పెదనాన్న వ్రజ్‌లాల్‌భాయ్ గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఉయ్యాల బల్ల మీద జీవ్‌కోర్‌బా.

"వచ్చావా జెంతీ. నీ అడుగుల హడావిడి వింటే పెళ్లి నీకే కుదిరినట్టుంది."

"ఈ వయసులో ఎవరిస్తారు లెండి" అని ఒక కోడలు అన్నది. నవ్వులు వినిపించాయి. ఆయన నవ్వలేదు. పెట్టెను జీవ్‌కోర్‌బా ముందుంచారు.

జీవ్‌కోర్‌బాకు చూపు మందగించి చాలా కాలమైంది. ఆమె కార్డును కళ్లతో కాక వేళ్లతో చూస్తారు. అంచు తడిమారు. రెక్క తడిమారు. వేలు బిళ్ల వద్ద ఆగింది.

"ఇక్కడ కాగితం మీద కాగితం ఉంది. కింద ఏముంది?"

"ఇప్పుడు అలా ఉబ్బెత్తుగా ఉండటమే డిజైన్, బా" అని ధ్రువి వెంటనే అన్నది.

"నిన్నడగలేదు తల్లీ."

జెంతీభాయ్ చేతులు జోడించారు. "కింద గణపతి ఉన్నాడు బా. తలుపు తెరిస్తే రెండుగా చీలేటట్టు పడ్డాడు. పొద్దున్నే చూశాను. ఈ ఐదింటి మీదా కాగితం కప్పి తెచ్చాను. దుకాణంలో మిగతావన్నీ అలాగే ఉన్నాయి."

హాలులో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. వ్రజ్‌లాల్‌భాయ్ గోడను వదిలి ముందుకు వంగారు. వధువు తండ్రి పరేశ్‌భాయ్ ముఖం వాడిపోయింది.

"చేత్తో చూస్తానన్నావే" అన్నారు జీవ్‌కోర్‌బా.

"చూడలేదు బా. ఫోనులో చూశాను."

"ఫోనులో. ఎక్కడుండి?"

"పంక్తిలో."

"తింటూనా?"

"తింటూనే."

వెనుక ఎవరో నవ్వు ఆపుకున్నారు. జీవ్‌కోర్‌బా నవ్వలేదు. "నేను వేలు పెట్టకపోతే చెప్పేవాడివా?"

"దారంతా అదే అనుకుంటూ వచ్చాను బా. గడప దాటేదాకా తేల్చుకోలేదు."

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "ఆరు నిమిషాలుంది బా. దాటితే మళ్లీ గురువారమే."

"గురువారానికి మా వాళ్లు సూరత్ వెళ్లిపోతారు" అన్నారు వ్రజ్‌లాల్‌భాయ్. ఆయన మాటలో కోపం లేదు. అదే పరేశ్‌భాయిని మరింత కలవరపెట్టింది.

జీవ్‌కోర్‌బా కార్డును రెండు రెక్కలూ తెరిచి, మడత వెంట వేలు నడిపారు. "ఈ తలుపులు తీసేస్తే లోపల ఏం మిగులుతుంది?"

"ఒక్క దళసరి ఆకు, బా. పిల్లల పేర్లు, తేదీ, చోటు. అంతే. దేవుడు లేడు. ఇప్పటి కార్డుల్లో పైన ఖాళీయే ఎక్కువ."

"ఖాళీ ఉందిగా. కత్తెర తీసుకురండర్రా."

కత్తెర వచ్చింది. జెంతీభాయ్ మడత మీద కత్తెర ఆనించారు. దేవుడి బొమ్మకు కాక, మడతకే తగలవలెను. ఆకు చీలితే అక్కడ మరొక కార్డు లేదు. ఒకటి, రెండు, మూడు. నాల్గవదాని వద్ద చెమట కంట్లోకి దిగింది. ధ్రువి తన చున్నీ కొంగుతో ఆయన నుదురు తుడిచి, తెగిన రెక్కలను నేల తాకకుండా పళ్లెంలోకి అందుకుంది.

కుంకుమలో నీళ్లు కలిపి తెచ్చారు. పాళీ లేదు, అగ్గిపుల్ల ఇచ్చారు. అక్షరాలు పేర్చడమే గాని రాయడం ఆయన మరచి ఎంత కాలమో. మొదటి ఆకు పైన "శ్రీ గణేశాయ నమః" అని ఎర్రగా దిగింది. చివరి అక్షరం కొంచెం వంగింది. అయిదవ ఆకు రాసేసరికి పురోహితుడు గడియారం చూస్తూ మంత్రం మొదలుపెట్టాడు.

జీవ్‌కోర్‌బా బొట్లు పెట్టారు. నాల్గవ ఆకు వ్రజ్‌లాల్‌భాయ్ చేతికి వెళ్లింది. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూశారు. రెండు వైపుల అంచులూ కత్తెర కోతతో గరుకుగా ఉన్నాయి.

"మా నాన్న పెళ్లి పిలుపు ఇలాగే ఉండేదట" అని వ్రజ్‌లాల్‌భాయ్ ఆకును కళ్లకద్దుకున్నారు. "మా వైపు కార్డులూ మీ జెంతీభాయ్‌తోనే రాయిస్తే పోదా?"

"ముందు మా పని తీరనియ్యండి" అన్నారు జీవ్‌కోర్‌బా. ఆపైన జెంతీభాయ్ వైపు తిరిగారు. "మిగతావి ఇక్కడికి తీసుకురా. నా ఎదురుగా కూర్చుని కత్తిరించి, రాసి ఇయ్యి. కోసిన రెక్కలన్నీ నీతో వచ్చిన ఆ పిల్ల స్వయంగా నదిలో వదిలిరావాలి. నువ్వు మాట తప్పావు జెంతీ. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. కార్డులు మాత్రం బాగుండాలి."

"సరే, బా."

ఆయన నాలుగు దినములు ఆ వరండాలో కూర్చుని రాశారు. ప్రతి సాయంత్రం జీవ్‌కోర్‌బా కార్డులను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి చూశారు. మొదటి రోజున నలభై వెనక్కి ఇచ్చారు. ఆయన వాటి అంచులు మళ్లీ సరిచేశారు. చివరి రోజున ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆమె కోడలిని పిలిచి, "ఇవి పంచడానికి పంపండి. జెంతీకి టీ పెట్టు" అన్నారు.