పిల్లను తల్లికి విడిచే వేళ

మా నాయన మల్సూర్ పోయి ఏడాది దాటింది. కోదాడ దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసేవాడు. మేతకు పోవాలంటే మంద హైవే దాటాలి. 2009 వానాకాలంలో ఒకనాడు మందను సగం రోడ్డు దాకా తోలి, ఎటు పోవాలో తోచక అక్కడే నిలబడిపోయాడు. లారీ డ్రైవర్ బ్రేకు వేయబట్టి బతికాడు.

ఆ సాయంత్రమే అన్న వేణు తేల్చేశాడు. "మంద అమ్మేద్దాం."

"మంద లేకుంటే మీ నాయన మంచం దిగడురా," అంది అమ్మ.

ముందు డాక్టర్‌కు చూపిద్దామని నేను పట్టుబట్టాను. సూర్యాపేటలో రక్తపరీక్షలు చేయించాం. ఏ లోపమూ లేదు. డాక్టర్ నాయనను ఇవాళ తారీఖెంతని అడిగాడు.

"తారీఖుతోని గొర్లకేం పని సారూ?" అన్నాడు నాయన.

డాక్టర్ నవ్వి కలం పక్కన పెట్టాడు. "బడికి పోని మనిషిని ఈ ప్రశ్నలతో కొలవలేం. ఇంటి దగ్గర ఏళ్లుగా ఈయనే చేసే పని ఏదైనా ఉందా?"

"పొద్దుగూకంగ గొర్రెపిల్లల్ని పాలకు తల్లులకాడ ఇడుస్తడు. ఏ పిల్ల ఏ తల్లిదో ఎన్నడు తప్పడు," అంది అమ్మ.

"అదే చూడండి. ఎవరూ సాయం చేయొద్దు."

మర్నాడు సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడ్డాం. నాయన ఒక్కొక్క పిల్లను ఎత్తి దాని తల్లి పొదుగు దగ్గర వదులుతున్నాడు. చేయి తడబడలేదు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతలో ఒక నల్లమూతి పిల్లను వేరే గొర్రె దగ్గర వదిలాడు. అది వాసన చూసి పిల్లను కుమ్మింది. ఇంకోదాని దగ్గర పెడితే తన్నింది. పిల్లను చంకలో పెట్టుకుని మంద మధ్య తిరుగుతున్నాడు. గోడవారన దాని తల్లి అరుస్తూనే ఉంది. ఆ అరుపు నాయనకు పట్టడం లేదు. అమ్మ కదలబోతే వేణు చేయి పట్టుకున్నాడు.

"ఏమే, దీని తల్లేదే?"

"గోడపొంటి ఉన్నది సూడు!" అమ్మ చేయి విడిపించుకుంది.

నాయనను తీసుకుని మళ్లీ సూర్యాపేట పోయాం. అంతా విని డాక్టర్ అన్నాడు: "ఇది పెద్ద మతిమరుపు జబ్బు కాదు, దానికి ముందు మెట్టు. స్నానం, తిండి, మనుషుల గుర్తు బాగున్నాయి. చిక్కు పనుల్లోనే తడబాటు. కొందరికి ఇక్కడే ఆగుతుంది, కొందరికి పెరుగుతుంది. ఆరు నెలలకు మళ్లీ చూద్దాం. రోడ్డు మాత్రం ఒంటరిగా దాటనివ్వకండి."

నాయన వేణు వైపు తిరిగాడు. "ఇగ మంద అమ్ముతవారా?"

అమ్మే చెప్పింది. "నేనొస్త నీ ఎంట."

"గొర్లు కాయనీకా?"

"నిన్ను కాయనీకి."

మర్నాడు రోడ్డు అంచున అమ్మ ముందుకు పోయి వచ్చే బండ్లకు కర్ర అడ్డం పట్టింది.

"నాకే తొవ్వ సూపుతవా?" అని గుర్రుమన్నాడు నాయన.

"సూపుత. జల్ది నడువు, లారొస్తున్నది."

మంద కదిలింది. కాసేపు మొండిగా నిలబడి, నాయన దాని వెనక నడిచాడు.