వీధి చివర ఆగని జీపు

ఇన్నేళ్ళ తర్వాత దాచుకోవడం దేనికి? ఆ పిల్లంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు. వార్డులో ఆమె నవ్వు వినిపిస్తే చేతిలో కాగితం నలిపేసేంత కుళ్ళు. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆమె ముఖమే కనిపించేది. ప్రభువా, ఈర్ష్య నుంచి నన్ను తప్పించు అని అడగాల్సింది పోయి, ఆమెని వేరే ఊరికి బదిలీ చేయించమని అడిగేదాన్ని.

ఇది డెబ్బయ్యో దశకం మధ్యలో మాట. బెజవాడలో ఒక ఆస్పత్రిలో నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని. డాక్టర్లు జబ్బు చూస్తే మేం ఇల్లు చూసేవాళ్ళం. మందులు ఎందుకు మానేశాడు, ఇంట్లో ఎవరు వండుతారు, ఎవరు తిడతారు, ఇవన్నీ కనుక్కోవడం మా పని. ఆ పని ఒకటుందని ఆస్పత్రిలోనే చాలామందికి తెలియదు. “మీరు నర్సా అండీ?” అని అడిగేవాళ్ళు. అందుకే చుట్టుపక్కల ఆస్పత్రుల్లో ఉన్న తొమ్మిది మందిమి కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అంటున్నాను గానీ, నిజానికి పెట్టింది నేనే. నోటీసులు సైక్లోస్టైల్ చేయించింది నేను, కుర్చీలు అడిగి తెచ్చింది నేను, మీటింగు రోజు ఇంట్లో పకోడీలు వేసి పొట్లాలు కట్టి మోసుకెళ్ళింది నేను. ఆరేళ్ళు కార్యదర్శిగా చాకిరీ చేశాను. అధ్యక్షులుగా ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఉద్యోగ విరమణకి దగ్గరపడ్డారు. తర్వాత ఆ కుర్చీ నాదేనని నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

మధ్యలో మందులు మానేసిన క్షయ రోగుల ఇళ్ళకి ఆదివారాలు వెళ్ళి, నచ్చజెప్పి మళ్ళీ మొదలుపెట్టించడం మా సంఘం పెట్టుకున్న పని. ఏడాదిన్నర మింగాలి ఆ మాత్రలు. రెండు నెలలకే దగ్గు తగ్గి మానేస్తారు. ఇళ్ళకి ఎలా వెళ్ళాలో నియమాలు రాసింది కూడా నేనే. అందులో మొదటిది: ఆస్పత్రి జీపు రోగి ఇంటి ముందు ఆగకూడదు. వీధి చివరే దిగి నడవాలి. ఎందుకంటే జీపు పక్కన ‘క్షయ నివారణ’ అని అరచేయంత అక్షరాలు ఉండేవి. అది ఒక గుమ్మం ముందు ఆగిందంటే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టుకోరు.

ఆ పిల్ల సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చింది. మా ఆస్పత్రిలో నా కింద సోషల్ వర్కర్‌గా చేరేనాటికి కేసు కాగితం ఎలా రాయాలో తెలియదు. చెయ్యి పట్టుకుని నేర్పాను. రెండేళ్ళు తిరిగేసరికి వార్డులో రోగులు నన్ను చూసి, “చిన్నమ్మగారు రాలేదాండీ?” అనడం మొదలుపెట్టారు. అంటే నేను పెద్దమ్మగారినన్నమాట! ముప్ఫై ఎనిమిదేళ్ళకే.

ఆమె చేసేదల్లా ఎర్ర బస్సెక్కి, చుట్టంలా గుడ్డసంచీ పట్టుకుని వెళ్ళడం. ఇంట్లో ఏది పెడితే అది తినడం. కంకిపాడులో ఒక తాపీమేస్త్రీ మందులు మానేశాడు. నేను రెండుసార్లు వెళ్తే తలుపు తియ్యలేదు. అతని భార్య వసారాలో పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్మేది, అదే వాళ్ళ బతుకుతెరువు. ఈ పిల్ల వెళ్ళి అందరితోపాటు బల్ల మీద కూర్చుని ఇడ్లీలు తింది. వరసగా నాలుగు ఆదివారాలు తింది. అయిదో ఆదివారం ఆ ఇల్లాలే లోపలికి పిలిచి, మొగుణ్ణి ముందు కూర్చోబెట్టింది. అప్పట్నుంచి మాత్రలు నడుస్తున్నాయి.

ఇంతే కదా! ఇడ్లీలు తినడం నాకు రాదా? రాలేదు మరి. అదే మంట.

నెలవారీ మీటింగులో పెద్దాయన నా పకోడీలే నములుతూ అన్నారు. “ఈసారి వార్షిక సభలో కంకిపాడు కేసు ఈ అమ్మాయి చదవాలి. అధ్యక్షత కూడా ఇక కుర్రవాళ్ళు తీసుకుంటే బాగుంటుందమ్మా, ఏమంటావు?”

“దానికేముందండీ” అన్నాను నవ్వుతూ. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కంకిపాడుకి ఆ పిల్ల ఆదివారాలే వెళ్తుంది కాబట్టి నేను శనివారం పొద్దున్నే బయల్దేరాను. ఆ ఇంటిని నేనూ చూసొచ్చి, సభలో కార్యదర్శి హోదాలో నాలుగు మాటలు నేనే ముందు చెప్పాలని నా ఎత్తు. జీపు అడిగి తీసుకున్నాను. బస్సులో నిలబడి వెళ్తే కాబోయే అధ్యక్షురాలిలా ఉండదు కదా, నా మొహం! వీధి చివర డ్రైవరు అలవాటుగా బ్రేకు వేశాడు.

“ఇక్కడే దిగుతారాండీ?”

“ఫర్లేదు, ఇంటిదాకా పోనివ్వు” అన్నాను.

వసారాలో ఆరేడుగురు తింటున్నారు. జీపు ఆగింది. వాళ్ళు దాని పక్కన ఉన్న అక్షరాలు చదివారు. చదువురాని ముసలాయన పక్కవాణ్ణి అడిగి చెప్పించుకుని, సగం తిన్న ఇడ్లీ కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. అది చాలదన్నట్టు నేను దిగి, అందరి ముందూ, “మీ ఆయన మాత్రలు వేసుకుంటున్నాడామ్మా?” అని అడిగాను. నా నోరు పడిపోను.

“ఎవరికండీ మాత్రలు? మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు” అని ఆ ఇల్లాలు ఇడ్లీపాత్ర మూత గట్టిగా వేసింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

రెండు వారాల తర్వాత, మళ్ళీ మాత్రలు ఇవ్వాల్సిన ఆదివారం, ఆ పిల్ల కంకిపాడు నుంచి సంచీలో మాత్రలు అలాగే వెనక్కి తెచ్చింది. “అక్కా, ఇంటికి తాళం వేసుంది. ఇడ్లీలు ఎవరూ కొనడం లేదంట. జీపొచ్చిందంట” అంది.

“అయ్యో, ఏ జీపు?” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. “ఏమోనక్కా” అని మాత్రల డబ్బా బీరువాలో పెట్టేసింది.

వార్షిక సభలో ఆమె లేచి, కంకిపాడు కేసు తప్పిపోయిందని, ఇంటికి వెళ్ళే పద్ధతిలో పొరపాటు జరిగిందని, బాధ్యత తనదేనని చదివింది. తర్వాత అధ్యక్ష పదవికి నా పేరు ఆమే ప్రతిపాదించింది. చప్పట్లు కొట్టారు, దండ వేశారు. కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు సిగ్గుపడ్డానని రాస్తే బాగుండును. నాకు మొదట తోచింది, ఈ మంచితనం కూడా ఇదే కొట్టేసిందే అని! సిగ్గు ఇంటికెళ్ళాక, దండ మేకుకి తగిలిస్తుంటే వచ్చింది. ఆ మేస్త్రీ ఎక్కడున్నాడో, మందుల్లేకుండా ఎన్నాళ్ళు ఉంటాడో అని అప్పుడు తోచింది.

కంకిపాడులో తాపీపని వాళ్ళందరినీ అడగ్గా అడగ్గా, ఆ ఇల్లాలి పుట్టింటికి మైలవరం వెళ్ళారని తెలిసింది. ఒక ఆదివారం బస్సెక్కాను. సంచీలో మాత్రలు, పైన అరటిపళ్ళు. వీధి చివర నుంచి నడిచాను. అక్కడా వసారాలో పొయ్యి వెలుగుతోంది. బల్ల మీద కూర్చుని, “రెండిడ్లీ పెట్టమ్మా” అన్నాను.

గుర్తుపట్టింది. అయినా పెట్టింది, పచ్చడి కూడా వేసింది. వంగి మెల్లగా అంది. “మీరొస్తారని చిన్నమ్మగారు చెప్పారండీ. పెద్దమ్మగారు వస్తే ఏమీ అనకు, ఆ రోజు ఏదో తొందర్లో ఉండుంటారు అన్నారు. నెల నుంచి వస్తన్నారండీ ఆవిడ. ఆయన వేసుకుంటన్నాడు.”

నా సంచీలో మాత్రలతో అక్కడ ఎవరికీ పనిలేదు. క్షమించమని అడగడానికి పోయిన చోట కూడా నాకంటే ముందే వచ్చి కూర్చుంది మహాతల్లి! రెండిడ్లీలూ తిన్నాను. డబ్బులిచ్చి, సంచీ తీసుకుని లేచాను.

సోమవారం వార్డు వరండాలో ఆమెని ఆపాను. “ఆ జీపులో వెళ్ళింది నేనే” అన్నాను.

“తెలుసక్కా. డ్రైవరు అప్పుడే చెప్పాడు.”

“మరి తెలిసి తెలిసి నా పేరెందుకు చెప్పావే అధ్యక్షురాలిగా?”

ఆమె కోపంగా లేదు. రోగి బంధువులకి మందుల చీటీ చదివి వినిపించేటప్పుడు ఎంత నిదానంగా చెప్తుందో అంత నిదానంగా చెప్పింది.

“ఆ కుర్చీ మీకిచ్చేస్తే ఇంకే ఇంటి ముందూ జీపు ఆగదనుకున్నానక్కా.”