పలక మీద నాలుగో మాట

నా చిన్నప్పుడు నాకు ఇంగ్లీషులో బాగా వచ్చిన మాట ఒక్కటే, క్వైట్. బళ్ళో మాస్టారు రోజుకు పదిసార్లు బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ అరిచేవారు కాబట్టి, దానర్థం నోరు మూసుకోమని అనుకునేదాన్ని. ఆరో తరగతి క్వార్టర్లీ పరీక్షలో ఆ మాటకు సమానార్థాలు రాయమంటే 'నోర్ముయ్' అని తెలుగులో రాసి వచ్చాను. నూటికి పదకొండు వచ్చాయి. మా నాన్న మర్నాడే నన్ను తీసుకెళ్ళి పక్కింటి అక్కకు అప్పజెప్పాడు.

అక్క బి.ఏ. పూర్తిచేసి టీచరు ట్రైనింగు పరీక్షకు ఇంట్లో చదువుకుంటూ ఉండేది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో తనూ, వాళ్ళ నాన్నా ఇద్దరే. ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. నాలుగెకరాల పత్తి, ఎకరం మిరప, ఊరు దద్దరిల్లే గొంతు, ఇవీ ఆయన ఆస్తులు. ఆయన పొలం నుంచి బయల్దేరితే ఆ కేకలు విని అక్క అన్నానికి ఎసరు పెట్టేది.

అక్క చదువు చెప్పే పద్ధతే వేరు. పుస్తకం తెరవనిచ్చేది కాదు. నిశ్శబ్దాలన్నీ ఒకటి కావు, వినడం వస్తే మాటలు వాటంతటవే వస్తాయనేది. మధ్యాహ్నం మిరపకల్లానికి తీసుకెళ్ళింది. ఎర్రగా పరిచిన కాయల పక్కన కూలికొచ్చిన ఆడవాళ్ళు కొంగులు మొహం మీద కప్పుకుని కునుకు తీస్తున్నారు. ఇది కామ్ అంది. మా అమ్మా, మా పిన్నీ ఒక గోడకు అటూ ఇటూ ఉండి వారం రోజులు మాట్లాడుకోకపోతే, ఇది సైలెంట్ అని నా చెవిలో చెప్పింది. ఆ రెండూ నేను జన్మలో మర్చిపోలేదు.

మూడో మాటకు వాళ్ళింటి పత్తి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. నడుమెత్తు పత్తి. నన్ను గట్టిగా అరవమంది. అరిచాను. నా గొంతు నా నోటి ముందే ఆగిపోయింది. ఎవరో మెత్తటి చెయ్యి నా మూతికి అడ్డం పెట్టినట్టయింది. ఏడుపొచ్చి తలుపు మీద బాదితే ఆ చప్పుడు కూడా సగమే వినబడింది. ఇది హష్డ్ అంది అక్క, నా కళ్ళు తుడుస్తూ.

నాలుగోది చెప్పడానికి పురుగుమందు కొట్టిన మర్నాడు చేలోకి తీసుకెళ్ళింది. పత్తి చెట్లు నా తలకన్నా ఎత్తు. పిట్ట లేదు, మిడత లేదు. ఆకుల కింద పురుగులు చుట్టుకుపోయి ఉన్నాయి. సాలు మధ్యలో చీమలబారు ఎక్కడిదక్కడే ఆగిపోయి ఉంది. గాలి కూడా లేదు. నేను అక్క వోణీ పట్టుకున్నాను. కదలాల్సినవి కదలకపోతే దాన్ని స్టిల్ అంటారని అక్క చాలా మెల్లగా చెప్పింది. ఎందుకో ఆమెకూ అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు, ఇద్దరం గబగబా గట్టెక్కేశాం.

వారం తిరక్కుండానే మళ్ళీ పురుగు పడింది. ఎండెక్కాక మందు కొట్టకూడదని మా ఊళ్ళో అందరికీ తెలుసు, పురుగు ఆగదు కదా అని అందరూ కొట్టేవాళ్ళే. ఆ ఆదివారం మధ్యాహ్నం బాబాయికి క్యారేజీ తీసుకెళుతూ అక్క నన్నూ రమ్మంది. బాబాయి చేను మధ్యలో వీపున మందు డబ్బా కట్టుకుని ఉన్నాడు. పత్తి ఎత్తుకు మనిషి కనబడడు, డబ్బా హ్యాండిల్ టకటకమనే చప్పుడు మాత్రం వస్తోంది. ఇంకో డబ్బా అయ్యాక వస్తానని లోపల్నుంచి కేకేశాడు. అక్క తుమ్మచెట్టు కింద తన పుస్తకం తెరిచి, నా చేతికి పలక ఇచ్చింది. తను అడిగేదాకా నోరు విప్పకుండా, వినబడే నిశ్శబ్దానికి పేరు రాయమంది.

చప్పుడు ఆగింది. "దీనమ్మ, మళ్ళీ పూడింది!" అని బాబాయి తిట్టుకోవడం వినబడింది. తర్వాత ఉఫ్, ఉఫ్ అని రెండుసార్లు. నాజిల్లో నలక అడ్డుపడితే విప్పి నోటితో ఊదడం మా వైపు అందరికీ అలవాటే. ఊది, ఉమ్మేసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని పని చూసుకునేవారు. మళ్ళీ టకటక మొదలైంది. కాసేపు నడిచి, నెమ్మదించి, ఆగిపోయింది.

నేను కామ్ అని రాశాను. బాబాయి కూర్చున్నాడేమో అనుకున్నాను. కానీ అగ్గిపుల్ల గీసిన చప్పుడు రాలేదు, దగ్గు రాలేదు, తిట్టు అసలే రాలేదు. ఉమ్ముతో తుడిచి సైలెంట్ అని రాశాను. అదీ కాదనిపించింది. మందు కొట్టిన మర్నాటి చేను గుర్తొచ్చింది. నోరు విప్పొద్దంది కదా అని విప్పలేదు. మళ్ళీ తుడిచి, నాలుగో మాట రాసి, పలక అక్క ఒళ్ళో పెట్టాను.

అక్క చూసి ముందు నవ్వింది. తప్పు అనబోయింది. అంతలో చేను వైపు తిరిగి విన్నది. ఆ మొహం నాకిప్పటికీ కనబడుతుంది. "నాన్నా!" అని కేకేసి పత్తిలోకి దూకింది.

బాబాయి పడిపోలేదు. మోకాళ్ళ మీద కూలబడితే రెండు వైపులా పత్తి కొమ్మలు పట్టి నిలిపాయి. డబ్బా వీపునే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కనుపాపలు ఆవగింజలంత అయ్యాయి. నోటి నుంచి నురగ. మమ్మల్ని చూస్తున్నాడో లేదో తెలియలేదు. అక్క డబ్బా విప్పి, చొక్కా చించేసి, మందు కలపడానికి తెచ్చిన పీపాలోని నీళ్ళన్నీ ఒంటి మీద పోసింది. నేను పక్క చేలో ట్రాక్టరు కోసం పరుగెత్తాను. చిలకలూరిపేట ఆసుపత్రిలో నాలుగు రోజులు విరుగుడు ఇంజెక్షన్లు చేశారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట. నేను రెండుసార్లు పలక తుడుచుకుంటూ కూర్చున్నది ఎంతసేపో అక్క నన్నెప్పుడూ అడగలేదు. నాకు మాత్రం ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

ఊళ్ళో నన్ను చాన్నాళ్ళు ఇంగ్లీషు డాక్టరమ్మ అని ఏడిపించారు. అక్క డబ్బా పట్టీకి సన్నటి తీగముక్క ఒకటి కట్టింది, నాజిల్ పూడితే దాంతో పొడుచుకోవాలని. బాబాయి ఆ తర్వాత ఎప్పుడు మందు కొట్టినా, ప్రతి సాలు చివరా ఆగి, "ఉన్నానమ్మా!" అని గట్టు వైపు కేకేసేవాడు. హాఫియర్లీ పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నాలుగు మాటలూ తెలుసు. మూడు రాసి, నాలుగోది రాయలేక వదిలేసి వచ్చాను.

ఇప్పుడు మేం గుంటూరులో, బ్రాడీపేటలో ఉంటున్నాం. రోజంతా ఆటోల మోతే. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే మాత్రం ఇల్లు ఒక్కసారిగా బావిలోకి దిగినట్టుంటుంది. పక్క గదిలో మావారు పేపరు తిరగేసే చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను. రాకపోతే, అది ఏ నిశ్శబ్దమో ఆలోచిస్తూ కూర్చోను. ముందే పిలిచేస్తాను. మొదట్లో ఆయన విసుక్కునేవారు. ఈ మధ్య నేను పిలవకముందే, పేపరు మడిచిన ప్రతిసారీ అక్కణ్ణుంచే అంటున్నారు, "ఉన్నానులేవే!" అని.