ఓడ ఇంజను, సారమ్మ గొంతు

మొన్న కరెంటు పోయి కింద జనరేటరు వేయగానే నేను కూర్చున్న కుర్చీ చేతులు సన్నగా వణికాయి. కిటికీలోంచి డీజిలు వాసన లోపలికి వచ్చింది. మా మనవరాలు చెవులు మూసుకుంది. నేను మాత్రం అరచేతిని గోడకు ఆనించాను. ఆ అలవాటు నాది కాదు, నందిగామలో మా పక్కింటి దానియేలుగారిది.

అరవైల మొదట్లో అక్కడి బడిలో పంతులమ్మగా చేరి, ఆయన పక్క వాటాలో అద్దెకు దిగాను. ఆయన అంతకుముందు చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశారు. "మన మిల్లు ఇంజను దాని ముందు బొమ్మండీ పంతులమ్మగారూ! మూడంతస్తుల మేడంత ఉంటది. ఆపినప్పుడు సిలిండర్లోకి మనిషి దిగి తుడవొచ్చు" అనేవారు. చెబుతుంటే కళ్ళు మెరిసేవి. నాకేమో ఒళ్ళు మండేది. ఆయన చెవులను తినేసింది ఆ ఇంజనే కదా! సారమ్మ, ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆమె పసితనమంతా ఆయన సముద్రం మీదే గడిపి, చెవులు పూర్తిగా పోయాక ఇంటికి వచ్చారు. అప్పటినుంచీ బియ్యం మిల్లులో ఇంజను చూసుకునేవారు. దాని మీద అరచేయి ఆనించి, బాగా నడుస్తోందో లేదో తెలుసుకునేవారు. కూతురి గొంతు ఎలా ఉంటుందో మాత్రం ఆయనకు తెలియదు.

మా వీధి వీధంతా ఆయనతో కేకలు వేసి మాట్లాడేది. పాలవాడి దగ్గరనుంచి పాస్టరుగారి దాకా అంతే. గట్టిగా అరిస్తే ఒక్క ముక్కయినా లోపలికి పోతుందని అందరి నమ్మకం. సారమ్మయితే మెడ నరాలు పొంగేలా "నాన్నా, అన్నం!" అని అరిచేది. పెళ్ళయి మైలవరం వెళ్ళిపోయాక కూడా, వచ్చినప్పుడల్లా అదే అరుపు.

ఒకసారి ఆమె బస్సెక్కి వెళ్ళాక ఆయన వచ్చి అరుగు మీద చతికిలబడ్డారు.

"మా సారమ్మకి నా మీద కోపం ఎప్పటికీ పోదాండీ?"

"కోపమేంటి బాబాయిగారూ?" అని నేనూ అరిచాను.

"చిన్నప్పుడు వదిలేసి ఓడెక్కానని. ఎప్పుడు మాట్లాడినా ముఖం అట్టా పెడతది. మీరూ ఇప్పుడు కసురుకుంటున్నారుగా."

వినిపించని మనిషికి అరుపు ఎలా కనబడుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. నిజానికి ఓడ ఇంజను హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనుక, పెదవులు చూసి మాట పట్టుకోవడం ఆయనకు ఏనాడో వచ్చు. ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడితే సరిపోయేది.

మళ్ళీ సారమ్మ వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపి సంగతి చెప్పాను.

"అయ్యో, ఇన్నాళ్ళూ అట్టా అనుకున్నాడా!" అని తల పట్టుకుంది. లోపలికి వెళ్ళి తండ్రి ఎదురుగా కూర్చుంది. ఆయన అరచేయి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది.

"నాకు నీ మీద కోపం లేదు నాన్నా" అంది, చంటిబిడ్డను జోకొట్టేంత మెల్లగా.

ఆయన చేయి తీయలేదు. "ఇంత నెమ్మదిగా ఉంటదా అమ్మా, నీ గొంతు?" అన్నారు.

ఆ ఏడాది ఎండాకాలం దాటకుండానే ఆయన పోయారు. తండ్రీకూతుళ్ళకు దక్కింది ఆ కాస్త కాలమే. అరుగు మీద ఆయన అడిగిన మాట ఇంకొన్నేళ్ళ ముందు బయటకు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటే ఇప్పటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. తరువాత ఎన్ని బళ్ళు మారినా పిల్లల మీద గొంతెత్తలేదు. మొన్న కూడా, జనరేటరు హోరులో మనవరాలు ఏదో అరుస్తుంటే దగ్గరకు పిలిచి, నా వైపు తిప్పుకుని, "మెల్లగా చెప్పు తల్లీ, నీ ముఖం చూస్తున్నాగా" అన్నాను.