కర్రోడికి తెలిసిన బాస

నా చిన్నప్పుడు నేను మా తాతకు ఒక ఆజ్ఞ వేశాను. ఇంటి గడప దాటితే నాతో గాని, నా ముందు గాని తెలుగులో మాట్లాడకూడదు, తమిళంలోనే మాట్లాడాలి. అప్పుడు నాకు పదేళ్ళు. పదేళ్ళ పిల్ల చెప్పింది, అరవై దాటిన మనిషి విన్నాడు. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దానికంతటికీ కారణం ఒక సద్దిమూట. మాది ధర్మపురి దగ్గర పాపారపట్టి. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, అలాగే రోజులు గడిచిపోయేవి. ఒకరోజు నేను మధ్యాహ్నం తినే సద్ది మరిచిపోయి బడికి పోయాను. తాత దాన్ని పట్టుకుని నేరుగా తరగతి గుమ్మంలోకి వచ్చేసి, "బంగారూ, సద్ది మరిచిపోయినావు గదమ్మా!" అని అందరి ముందూ పిలిచాడు. తరగతంతా గొల్లున నవ్వింది. ఆ మాటనే పాట కట్టి నెల రోజులు నన్ను ఏడిపించారు. సద్ది తెచ్చిన రోజు సాయంత్రమే నేను మూతి ముడుచుకుని ఇంటికి వచ్చి నా ఆజ్ఞ వినిపించాను. మా ఇళ్ళలో తమిళాన్ని అరవం అంటారు. తాత నవ్వి, "సరేలే తల్లీ, గడప దాటితే అరవమే" అన్నాడు.

సరదాకి అన్నాడేమో అనుకున్నాను. కాదు, మాట నిలబెట్టుకున్నాడు. తాతది చింతపండు వ్యాపారం. ఆయన తమిళం ఆ బేరాల కోసం నేర్చుకున్న తమిళం. అందులో రకాలు, తూకాలు, తగువులు అన్నీ ఉండేవి కానీ, మనవరాలిని ముద్దు చేసే మాటలు మాత్రం ఉండేవి కావు. నా చెయ్యి పట్టుకుని వీధిలో నడుస్తూ, ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడి ఊరుకునేవాడు. నాకదే గొప్పగా ఉండేది.

కర్రోడు తాత కుక్క. ఒళ్ళంతా నలుపు కాబట్టి ఆ పేరు. నాకంటే ఏడాది పెద్ద. మా వాకిట్లో చింతపండు రాశులు పోసి ఉండేవి, వాటి చుట్టూ తిరుగుతూ కాపలా కాసేవాడు. వాడితో ఒక చిక్కు ఉండేది. మా ఇంటికి వచ్చే కొత్తవాళ్ళందరూ తమిళంలో మాట్లాడేవాళ్ళు కదా, వాడి లెక్కలో తమిళమంటే కొత్తవాళ్ళ మాట. ఆ మాట చెవిన పడితే చాలు, వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమనేవాడు. తిరుపతి వైపు నుంచి వచ్చిన ముక్కూముఖం తెలియని బైరాగి ఒకాయన తెలుగులో అన్నం అడిగితే మాత్రం తోక ఊపుకుంటూ ఎదురుపోయాడు. "వీడు ఇంటికి గాదు, మన బాసకు కావలి" అని తాత నవ్వేవాడు.

ఆ ఏడాది కర్రోడి దవడలో గడ్డ లేచింది. మొదట ఈతకాయంత ఉండేది. రెండు నెలలు తాత వాడిని ధర్మపురిలోని పశువుల ఆసుపత్రికి తిప్పాడు. అక్కడి డాక్టరమ్మ మందులిచ్చింది, ఒకసారి కోసి కూడా చూసింది. గడ్డ మళ్ళీ లేచింది. చివరికి అన్నం పోయింది, గంజి పోయింది, నీళ్ళు మాత్రం నా దోసిట్లో పోస్తే రెండు గుక్కలు నాకేవాడు. నొప్పికి పగలంతా మూలుగుతూ ఉండేవాడు. ఇక మందులతో లాభం లేదని, కష్టం లేకుండా పంపించే సూది ఒకటుందని, తొందరేమీ లేదు, ఆలోచించుకుని రమ్మని డాక్టరమ్మ చెప్పి పంపింది. తాత ఎనిమిది రోజులు ఆలోచించాడు. ఆ ఎనిమిది రోజులూ ఆయనా సరిగా తినలేదు. తొమ్మిదో రోజు పొద్దున చింతపండు మూటలు తీసుకుపోయే టెంపోలో గోనెపట్టా పరిచి, దాని మీద కర్రోడిని పడుకోబెట్టాడు. వాడు నా చేతిలో తప్ప నీళ్ళు తాగడని, నన్నూ రమ్మన్నాడు. వాడిని ఎందుకు తీసుకుపోతున్నామో నాకు దాచకుండా చెప్పాడు.

ఆసుపత్రి వసారాలో జనం చాలామందే ఉన్నారు. ఆవులు, ఎద్దులు, మేకలు. ఆ మేకల్లో ఒకదాని తాడు పట్టుకుని మా తరగతి పిల్ల ఒకతి వాళ్ళ నాన్నతో కూర్చుని ఉంది. నా గుండె జారిపోయింది. కర్రోడి కోసం కాదు, అదే నా సిగ్గు. ఈ పిల్ల చూస్తోంది, తాత నోరు జారి తెలుగులో ఏమైనా అంటే సోమవారం నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

డాక్టరమ్మ తంజావూరు వైపు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. గదిలోని ఎత్తు బల్ల చూసి కర్రోడు వణికిపోతుంటే, బల్ల వద్దంది. ఇంటి నుంచి తెచ్చిన గోనెపట్టానే వసారా పక్కన వేపచెట్టు నీడలో పరిపించింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని తనూ నేల మీద కూర్చుంది. వీడు ఇంట్లో ఏ వైపు తిరిగి పడుకుంటాడు, ఎక్కడ నిమిరితే ఇష్టం, ఇలాంటివన్నీ అడిగింది. సూది మందు ఏం చేస్తుందో, ఎంతసేపు పడుతుందో నెమ్మదిగా తాతకు చెప్పింది. కూర్చోలేకపోతే లేచి పోవచ్చు, అందులో తప్పేమీ లేదు, వాడికి తోడు నేనుంటాను అంది. తాత తల అడ్డంగా ఊపాడు.

కాని పని సాగలేదు. సూది పట్టుకుని ఆమె కాలు తాకగానే కర్రోడు విదిలించుకుని పళ్ళు చూపించాడు. తాత వాడి వీపు మీద చెయ్యి వేసి తమిళంలో, ఏమీ లేదు, ఏమీ లేదు, ఊరుకోమన్నాడు. వాడు ఇంకా బెదిరిపోయాడు. అలవాటైన చేతి నుంచి కొత్తవాళ్ళ మాట రావడమేమిటో వాడికి అర్థం కాలేదు. తాత ముఖంలోకి చూస్తాడు, గుర్రుమంటాడు, మళ్ళీ మూలుగుతాడు. పదకొండేళ్ళు పెంచిన మనిషిని చూసి గుర్రుమన్నాడు. 

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. "ఇంత భయంతో నేను వీడిని పంపను. ఇంట్లో కూడా వీడితో ఇలాగే మాట్లాడతారా అయ్యా?" అని అడిగింది. మా ఇంట్లో తెలుగమ్మా అన్నాడు తాత, అదీ తమిళంలోనే. మరి ఆ మాటే మాట్లాడండి అందామె. తాత తలెత్తి నా వైపు చూశాడు. నన్నేమీ అడగలేదు. ఊరికే చూస్తూ ఉన్నాడు. నేను ఎప్పుడు సరేనంటానా అని ఎదురు చూస్తున్నాడని నాకు తెలిసింది.

యాభై ఏళ్ళు కావస్తోంది. ఆ చూపు నేను మరిచిపోయిన రోజు లేదు. నేను వెంటనే తల ఊపి ఉంటే ఎంత బాగుండేది. ఊపలేదు. వసారాలో కూర్చున్న పిల్ల వైపు చూశాను.

డాక్టరమ్మ కళ్ళు తాత చూపును పట్టుకుని నా దగ్గరికి వచ్చాయి, నా చూపును పట్టుకుని వసారా దాకా పోయాయి. ఎంత అర్థమైందో తెలియదు. కోప్పడలేదు, బుజ్జగించనూ లేదు. "నాకు తెలుగు రాదు పాపా. వీడికేమో తమిళం రాదు. ఏం చేద్దాం, నువ్వే చెప్పు" అంది, తోటి డాక్టరును సలహా అడిగినట్టు. అడిగి నిజంగానే నా జవాబు కోసం ఆగింది. అంత పని ఉన్న మనిషి, అన్ని పశువులు వరసలో ఉండగా, నాకోసం ఆగి కూర్చుంది.

నేను గోనెపట్టా మీద కూర్చుని కర్రోడి తల ఒళ్ళోకి తీసుకున్నాను.  

"కర్రోడా! ఏం నాయనా? నేనుండాను గదరా ఈడ."

వాడి ఒక చెవి లేచింది. గుర్రుమనడం ఆగిపోయింది. ముక్కు నా మణికట్టుకు ఆనించి పెద్దగా ఊపిరి వదిలాడు. ఇంత సేపూ మీరెక్కడికి పోయారు అన్నట్టే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు తాత మొదలుపెట్టాడు. కట్ట తెగినట్టు మాట్లాడాడు. కర్రోడు కూనగా ఉన్నప్పుడు చింతపండు గంపలో పడి నాలుగు రోజులు ఒళ్ళంతా జిగురుతో తిరిగిన సంగతి, తుంబలహళ్ళి డ్యాంలో ఈతకు దిగి రాలేక తాతచేత పంచె తడిపించిన సంగతి, అన్నీ వాడికే చెబుతున్నాడు. "ఆ పొద్దు నెయ్యి గిన్నె నాకింది నువ్వేనని నాకు తెలుసురా దొంగనాయాలా. పిల్లి నాకిందని మీ అవ్వకు చెప్పినాను. ఆ పిల్లికి నీ వల్ల ఎన్ని దెబ్బలు పడినాయో!" అని నవ్వుతూ ఏడుస్తున్నాడు. నేను వాడి కళ్ళ మధ్య, వాడికి ఇష్టమైన చోట వేలితో రాస్తూ, "పండుకో నాయనా, పండుకో" అంటూనే ఉన్నాను. డాక్టరమ్మ ఎప్పుడు సూది వేసిందో నేను చూడనే లేదు. కర్రోడు కూడా చూడలేదనే నా నమ్మకం. తల మెల్లగా బరువెక్కింది.

తాత చెబుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ కర్రోడి ఛాతీ మీద గొట్టం పెట్టి విని, తీసి ఒళ్ళో పెట్టుకుంది.  ఒక్క ముక్క తెలుగు అర్థం కాని ఆ మనిషి, తాత ముఖం చూస్తూ, ఆయన చెబుతున్నది ముగిసేదాకా విన్నది. ఆయన ఆగి, ముక్కు తుడుచుకున్నాక, చెయ్యి ఆయన భుజం మీద వేసి, "పోయాడయ్యా. హాయిగా పోయాడు" అంది. చాలాసేపటి కిందటే పోయాడని, తాత మాటలకు అడ్డు రాకుండా ఆమె ఊరుకుందని నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు.

గోనెపట్టాలో చుట్టి టెంపోలో పెట్టుకున్నాం. మా తోపులో పాతిపెట్టాలని తాత ముందే చెప్పి ఉంచాడు. బండి ఎక్కబోతూ, తాత కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి "పోలామా?" అని అడిగాడు. పోదామా అని, తమిళంలో. కర్రోడు పోయాడు కాబట్టి ఆయన మళ్ళీ నా ఆజ్ఞలోకి వచ్చేశాడు. అంత దుఃఖంలోనూ ఆయనకు అది గుర్తుంది. మా తరగతి పిల్ల ఇంకా అక్కడే ఉంది. "పోదాం తాతా" అన్నాను గట్టిగా, వసారా అంతా వినపడేటట్టు. ఆయన నన్ను ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. సోమవారం ఆ పిల్ల నన్ను ఎగతాళి చేయలేదు. మీ కుక్కకు ఏమైందని మాత్రం అడిగింది.

ఆ తర్వాత తాతతో నేను వీధుల్లో, బస్సుల్లో, తీర్థమలై కొండ మెట్ల మీద ఎంత తెలుగు మాట్లాడానో లెక్కలేదు. అయినా తనివి తీరలేదు. ఆయన పోయింది సేలంలో ఒక పెద్ద ఆసుపత్రి గాజు తలుపు లోపల. నేను కోయంబత్తూరులో కాపురం ఉంటూ కబురు అంది పరుగెత్తుకు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన పక్కన ఉన్న నర్సులు మంచివాళ్ళేనట, బాగా చూసుకున్నారట. అందరూ తమిళం వాళ్ళు. చివరి గంటలో ఎవరైనా ఆయనతో ఒక్క మాట మన మాటలో అన్నారా అని నేను ఎవరినీ అడగలేదు. అనలేదని చెబుతారేమోనని భయం. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. తాతకు ఒక ఉత్తరం రాయాలని అప్పుడు బలంగా అనిపించేది, ఆయన లేకపోయినా.

ఇప్పుడు ధర్మపురి పట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లో తమిళం, ఇంగ్లీషు. నా తెలుగుకు తలలూపుతారు, బదులు మాత్రం వాళ్ళ మాటల్లోనే వస్తుంది. మొన్నటిదాకా మనవరాలికి ఒక గోధుమరంగు కుక్క ఉండేది. దానికి ఇంగ్లీషు బాగా వచ్చు. నేను రమ్మంటే వచ్చేది కాదు, కమాన్ అంటే వచ్చేది. పోయిన నెల దాని మూత్రపిండాలు చెడిపోయాయి. చల్లటి గదులున్న క్లినిక్‌కు తీసుకుపోయాం. కుర్ర డాక్టరు మంచివాడు, అంతా వివరంగా చెప్పి, కాగితం మీద సంతకం తీసుకుని, చూడలేకపోతే బయట కూర్చోవచ్చన్నాడు. మనవరాలు బయటే కుర్చీకి అతుక్కుపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. నేను పక్కన కూర్చుని, కర్రోడి కథంతా చెప్పాను. పోయి దానితో మాట్లాడు తల్లీ అన్నాను. ఏం మాట్లాడాలి అవ్వా అంది. ఇంట్లో ఎలా తిడతావో అలాగే తిట్టు అన్నాను.

లేచి లోపలికి వచ్చింది. దాని చెవిలో సగం ఇంగ్లీషు, సగం తమిళం కలిపి ఏవేవో చెప్పింది. ఆ కుక్క ఆమె చెయ్యి నాకుతూ కళ్ళు మూసింది. నేను దాని పాదాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఒక్క మాటా మాట్లాడలేదు. నా మాట దానికి కొత్తవాళ్ళ మాట, బెదిరిపోతుందేమో అనిపించింది.

తిరిగి వస్తుంటే ఆటోలో మనవరాలు చాలాసేపు ఏడ్చి, నా భుజం మీద తల పెట్టుకుని, నీ కర్రోడికి చివర్లో ఏం చెప్పావు అవ్వా అని తమిళంలో అడిగింది. చెప్పాను. మనవరాలికి 'కో' సరిగా పలకలేదు, 'గో' అంది. మళ్ళీ చెప్పించాను. ఇల్లు చేరేలోగా నాలుగైదు సార్లు చెప్పించాను, ముద్దుగా, తొందర లేకుండా, తెలుగులో ఎలా అనాలో అలాగే వచ్చేదాకా. "పండుకో నాయనా" అంది చివరికి. ఎప్పుడైనా అవ్వతో అనాల్సి వస్తే 'నాయనా' బదులు 'అమ్మా' అనాలని, అదీ నేర్పాను. ఎందుకని అది అడగలేదు. నేనూ చెప్పలేదు.